గుట్టెక్కే బండి

నర్సింగం చేసిన పనికి వాడిని తమ్ముడని పిలవడానికి సోమలింగానికి నోరు రావడం లేదు, ఇంకో మాటా దొరకడం లేదు. దొంగ అందామంటే దొంగ ముఖం చాటేసుకుని వస్తాడు. వీడు పట్టపగలు ఫోన్ చేసి అన్నా తిన్నవా, అన్నా మందులేసుకున్నవా అని అడుగుతూనే చేశాడు. మొన్న ఊరి నుంచి బక్కయ్య ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఆ పేరు గొంతులో ఇరుక్కున్న దారపు పీచులా ఉంది, మింగితే దిగదు, ఖాండ్రిస్తే రాదు. ఇప్పుడు ఇక్కడ, సూరత్ ఆల్థాన్‌లో ఈ ఎలక్ట్రిక్ బండ్ల షోరూంలో, అద్దాల వెనక చల్లటి గాలిలో, మాస్కు లోపల తన ఊపిరి తనకే వేడిగా కొడుతుంటే కుర్చీలో కూర్చుని గుట్టెక్కే బండి కోసం ఎదురుచూస్తున్నాడు. ఎక్కడానికి గుట్ట లేదు. ఆ సంగతి తనకు తెలుసు. పక్క కుర్చీ మీద పసుపు టేపు అడ్డంగా నిలువుగా అంటించి ఉంది, దాని అవతలి కుర్చీలో భాగీరథి ఉంది, ఆమెకు తెలియదు. మొగుడూ పెళ్లాలైనా సరే నడుమ కుర్చీ ఖాళీ ఉంచాల్సిందేనని గుమ్మం దగ్గర నొసటికి ఏదో గురిపెట్టి జ్వరం చూసినప్పుడే చెప్పారు. ఒకందుకు మంచిదే అయింది. ఆ కుర్చీ అడ్డం లేకపోతే ఆమె చెవి దగ్గరికి వంగి చెప్పేసేవాడేమో, గుట్ట పోయిందే అని. టేపు అవతలికి వినపడాలంటే గట్టిగా చెప్పాలి. గట్టిగా చెప్పే మాట కాదది.

ట్రయల్ బండి ఒక్కటే ఉందని, దాన్ని ఇంకొకాయన తీసుకుపోయాడని, "పాంచ్ మినిట్ బేసో కాకా, ఇప్పుడే వచ్చేస్తడు" అని కోమలి చెప్పి చాలా సేపయింది. కోమలి ఈ షోరూంలో బండ్లు చూపించే పిల్ల, సత్యనారాయణ కూతురు. సత్యనారాయణ ఒకప్పుడు ఉధ్నాలో మరమగ్గాల షెడ్డులో, ఇక్కడివాళ్ల మాటలో ఖాతాలో, తన పక్క వరుస సాంచాలు నడిపినవాడు. ఆ మొహమాటానికే ఇంత దూరం ఇక్కడికి వచ్చారు. ఆ పిల్ల పుట్టింది సూరత్‌లోనే, దాని తెలుగులో సగం గుజరాతీ, సగం హిందీ, మిగిలిందేదో సిరిసిల్ల. ఇందాక నోట్లో పెన్ను పెట్టుకుని ఒక్కొక్కటీ అడిగింది, బరువు ఎంత, రోజుకు ఎంత దూరం, మోకాళ్లు ఎట్లా ఉన్నాయి, సీటు ఎత్తు సరిపోతుందా, కింద పడితే లేపగలవా. అన్నిటికీ చెప్పాడు. చివర్లో, "ఢాళ్ ఎంత ఉంటది కాకా మీ గుట్ట మీద? మన బ్రిడ్జి అంత ఉంటదా, ఎక్కువనా?" అంది. మీ గుట్ట అంది ఆ పిల్ల. ఏ గుట్టమ్మా, ఎవరి గుట్ట? సూరత్‌లో ఎత్తు అంటే ఫ్లైఓవరే కదా, ఈ ఊరిని ఎవరో రోకలితో చదును చేసినట్టు ఎటు చూసినా బల్లపరుపే, బతుకంతా ఈ చదును మీద నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నాడు తప్ప ఏదీ ఎక్కింది లేదు. పిట్టలగుట్ట వాలు ఎంతని చెప్పాలి? మేకలు కూడా నడిమధ్యలో ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూసేంత. నెత్తిన బిందె ఉన్న ఆడమనిషి ఒక చెయ్యి మోకాలి మీద పెట్టకుండా ఎక్కలేనంత. దీనికి వీళ్ల దగ్గర లెక్క ఏముంటుంది, "ఎక్కువనే ఉంటది" అన్నాడు. "ఎక్కువంటే?" అంది కోమలి. "మీ కాక లూనాతోని ఎక్కలేనంత" అని టేపు అవతలి నుంచి భాగీరథి అందుకుంది. "లూనా నడిపే రోజులల్ల ఉధ్నా దర్వాజ కాడ సేఠ్ కారునే గుద్దిండు. కారాయన దిగి, ముసలాయనా బ్రేకు లేదా అంటే, ఉంది సాబ్, పట్టదు అన్నడు. అప్పుడే ముసలాయన అన్నరు, ఇప్పుడేమంటరో మరి." కోమలి మాస్కు వెనక కిలకిల నవ్వింది. ఆ నవ్వు వింటూ తనూ నవ్వాడు, మాస్కు ఉండడం వల్ల నవ్వాడో లేదో ఎవరికీ కనపడలేదు.

రెండు రకాలు చూపించింది. ఒకటి చిన్నది, తేలిక, లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. సొసైటీ లోపల పాలకూ కూరగాయలకూ తిరగడానికట. "ఇది ఢాళ్ మీద దమ్ము తీస్తది కాకా, మోటరు గరం అయి నడుమల నిలబడిపోతది" అని తనే చెప్పింది, సత్యనారాయణ కూతురు కదా, అబద్ధం చెప్పి అమ్మదు. సాంచాకు బిగించే మోటరు ఒక హార్స్‌పవరైతే ఈ చిన్నబండిది అందులో మూడో వంతు. దాని మీద ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల క్యాను, గుట్ట. ఎక్కదు. నడుమ ఆగిపోతే అది వెనక్కి జారకుండా కాళ్లతో పట్టుకోవాలి, పట్టుకోవడానికి ఆ కాళ్లెక్కడివి? రెండోది పెద్దది, బరువైనది, వాలు మీద ఆగినా వెనక్కి పోనివ్వదట, దిగేటప్పుడు బ్రేకు పట్టినకొద్దీ బ్యాటరీకి కొంచెం కొంచెం శక్తి తిరిగి వస్తుందట. ఎక్కినప్పుడు పోయింది దిగినప్పుడు కొంత తిరిగి రావడం, ఈ మాట సోమలింగానికి ఎంతో నచ్చింది, ఇందాక అది విన్నప్పుడు ఒక్క నిమిషం గుట్ట పోయిన సంగతే మరిచిపోయాడు. బ్యాటరీ ఊడదీసి చేత్తో పట్టుకుపోవచ్చు, ఊళ్లో ఎవరింట్లోనైనా చార్జింగు పెట్టుకోవచ్చు, గుట్ట మీద కరెంటు లేకపోయినా ఫరవాలేదు అనుకున్నాడు, ఎవరింట్లోనైనా అనుకోగానే నర్సింగం ఇల్లే కళ్ల ముందుకు వచ్చింది, ఆ ఇంటి అరుగు మీద గోడకు ఉన్న స్విచ్చు బోర్డు, దాని కింద నాన్న కూర్చునే చోటు, అన్నీ వచ్చాయి. కోమలి తాళం తిప్పి చాలూ చేసి చూపించింది. చప్పుడు లేదు. అయిందా అన్నాడు. "అయింది కాకా, లైటు చూడు." లైటు వెలుగుతోంది, బండి మాత్రం చచ్చినట్టు నిలబడి ఉంది. బతుకంతా మిషన్లను చెవితో చూసిన మనిషి. నాలుగు సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటున్నా ఏ మూల ఒక పోగు తెగినా చప్పుడులో చిన్న వెలితి వినపడేది, బీడీ అక్కడే పారేసి పరుగెత్తేవాడు, నిద్రలో కూడా వినపడేది, ఉలిక్కిపడి లేచి పక్కనున్న భాగీరథి చీర కొంగు తడిమి పోగు కోసం వెతికేవాడు. ఈ బండి లోపల ఏది తెగినా వినపడదు. ఇట్లాంటి దాన్ని ఎట్లా నమ్మాలి?

బక్కయ్య ఫోన్‌లో మాత్రం చప్పుడు వినపడింది. గుట్టను తనకు అమ్మినవాడే బక్కయ్య, పండు ముసలి, ఫోన్ చెవి దగ్గర కాక నోటి దగ్గర పెట్టుకుని అరుస్తాడు. "ఏందిరా సోమలింగం, నీకు ఏం తక్కువైందని అమ్ముకున్నవ్? నేను నీకు గుట్ట ఇచ్చిన్నంటే సీతాఫలం చెట్లుంటయి, పిట్టలుంటయి అని ఇచ్చిన. గ్రానైటోళ్లకు ఇచ్చెతందుకా? ఒక్క మాట నాతోని అనకపోతివి గదరా!" అని తిడుతుంటే, ఆ తిట్ల వెనక ఎక్కడో గర్‌ర్‌ర్ అని రాతిలో దిగుతున్న మిషన్ చప్పుడు. ఎవరమ్మారు, నేను అమ్మలేదు కాకా అంటే, "నువ్వమ్మకుంటే నీ తమ్ముడు దస్కతు ఎట్ల పెట్టిండు? పోయిన ఎండాకాలమే రాసిచ్చిండట. వానలు ఆగినంక మిషన్లు దింపిండ్రు" అన్నాడు. ఇక నర్సింగం ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తడం లేదంటే రింగవుతోంది, రింగయి రింగయి ఆగిపోతోంది, తర్వాత వాడి భార్య లలితమ్మది రింగయి ఆగిపోతోంది. వాడు సంతకం పెట్టగలిగాడంటే పట్టా వాడి పేరు మీదే ఉంది. ఆ పని చేసింది తనే. భూముల లెక్కలు సరిచేసే సారు ఊరికి వచ్చిన ఏడు, సాంచాకు కొత్త దారపు భీము ఎక్కించిన పనిలో ఖాతా వదిలి రాలేకపోయాడు, బక్కయ్య తెల్లకాగితం మీద ఎకరం ఇరవై రెండు గుంటలని రాసిచ్చిన గుట్ట అది, ఎవరో ఒకరు వెళ్లి నిలబడాలి. "అన్నా, నువ్వు అంత దూరంకెల్లి ఏం వస్తవ్, నా పేరు మీద ఎక్కియ్యనా? రైతుబంధు పైసలు పడ్డప్పుడు నీకు పంపుత" అన్నాడు నర్సింగం. తను పెద్దరికం చూపించాడు. "పంపుడెందుకురా, నువ్వే ఉంచుకో, పిల్లల ఫీజులకైతయి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఎంత సంబరపడ్డాడు! ఖాతాలో నలుగురికి చెప్పాడు, సూరత్‌ల ఉన్నోని భూమి ఊర్లె తమ్ముని పేరు మీదనే ఉండాలె, గప్పుడే తోడబుట్టినోళ్లు అంటరు అని. విన్నవాళ్లు తలలూపారు, వాళ్లందరి భూములూ అట్లాగే ఉన్నాయి మరి.

సత్యనారాయణ ఒక్కడే తల ఊపలేదు. బార్డోలీ దగ్గర చెరుకు తోటల పక్కన చిన్న ప్లాటు కొనుక్కుంటూ, "పక్కదే ఖాళీ ఉన్నది లింగన్నా, నువ్వు గూడ తీసుకో, బస్సు దిగితే అంగలో ఉంటది" అని వెంటపడ్డాడు. "బార్డోలీల ఏమున్నదిరా, చక్కెర మిల్లు వాసన తప్ప? నాకు గుట్ట ఉన్నది" అన్నాడు తను. నాకు గుట్ట ఉన్నది. ఆ మాట అనడంలో ఎంత రుచి ఉండేది! షిఫ్టు అయి బయటికొచ్చి చాయ్ తాగుతూ, సలాబత్‌పురాలో పేటీల మీద పేటీలు మోస్తున్న హమాలీలను చూస్తూ, రైలు కిటికీలోంచి, ఆసుపత్రి మంచం మీద ముక్కులో గొట్టంతో కూడా అదే మాట. ఇప్పుడు సత్యనారాయణ బార్డోలీలో రెండు గదులు వేసుకుని కనకాంబరాలు పెంచుకుంటున్నాడట, కోమలి చెప్పింది, చెబుతూ మీరు ఎప్పుడు పోతరు కాకా ఊరికి అని అడిగింది. ఎప్పుడు పోతరు అంటే ఏం చెప్పాలి, గుట్ట ఎప్పుడు పోయిందో చెప్పమంటే చెప్పగలడు.

ఆ గుట్ట మీద రెండు వారాలున్నాడు తను. మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగిపోయి, ఖాతాకు తాళం పడి, చెవుల్లో ఎన్నడూ లేని నిశ్శబ్దం గూడు కట్టుకుంటే, లారీ పట్టుకుని భాగీరథీ తనూ ఊరికి పోయారు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా తుమ్మకొమ్మలు పడేసి ఉన్నాయి. కొమ్మల అవతల తువ్వాల మూతికి చుట్టుకుని నర్సింగం. "అన్నా, సూరత్ నుంచి వచ్చినోళ్లను ఊర్లెకు రానిస్తలేరు. జర ఏమనుకోకు, నీ గుట్ట ఉన్నది గదా, గా రెండు వారాలు గక్కడనే ఉండుండ్రి" అన్నాడు. ఊరు రానివ్వలేదన్న కోపం గుట్ట ఎక్కేసరికి ఎక్కడ పోయిందో. సీతాఫలం చెట్ల మధ్య తాటిపత్రి కట్టుకున్నారు. బండ సందులో చెలిమె ఉంది, దోసిలితో తోడితే మళ్లీ దోసిలి నిండా ఊరేది, భాగీరథి దాని పక్కనే కూర్చుని చెలిమెతో మాట్లాడేది, ఇంకొక్కటి రా తల్లీ, ఇంకొక్కటి అని. లలితమ్మ గుట్ట కింద టిఫిన్ పెట్టి గంటెతో పళ్లెం కొట్టేది, అది వినపడగానే తను దిగి తెచ్చేవాడు, అప్పుడు ఊపిరి ఊపిరిగానే ఉండేది, మళ్లీ ఎక్కి వచ్చేదాకా పాట పాడుకుంటూనే వచ్చేవాడు. సాయంత్రం గాలి వస్తే చెట్లన్నీ ఒక్క వైపు ఒరిగేవి. "నీరజ నాయినా, పిల్ల పెండ్లి అయిపాయె, మనకేమున్నది? ముసలితనంల గిక్కడనే ఉందాం" అంది భాగీరథి. నీరజ వాళ్ల ఒక్కతే కూతురు. ఉందాం అన్నాడు. అప్పుడే ఒకరోజు నర్సింగం ఒకాయనను వెంటబెట్టుకుని పైకి వచ్చాడు, దూరంగా నిలబడి, "బోరు పాయింటు చూసేటాయన అన్నా, నీకు నీళ్లకు తిప్పల లేకుంట చూద్దామని" అన్నాడు. ఆయన బండలన్నీ తిరిగాడు, సంచీలోంచి సుత్తె తీసి అక్కడా ఇక్కడా కొట్టాడు, ఒక పెచ్చు ఊడదీసి ఎండకు పెట్టి చూసి సంచీలో వేసుకున్నాడు. బోరు పాయింటు చూసేవాళ్ల చేతిలో వేపపుల్లో టెంకాయో ఉంటుంది కాని సుత్తె ఉంటుందా? చూశాడు, కళ్లారా చూశాడు, భాగీరథితో ఈయనెవరో కొత్త రకం అని కూడా అన్నాడు. ఆయనకు చెలిమెలోంచి చెంబెడు నీళ్లు తోడి బండ మీద పెట్టి తను వెనక్కి జరిగాడు. ఆయన తాగాడు. నీళ్లు బాగున్నయి అన్నాడు. ఆయన పక్కన నిలబడ్డ తమ్ముడి కళ్లు అప్పుడు ఎటు చూశాయి? తువ్వాల పైన కళ్లు మాత్రమే కనపడేవి, ఎంత గుర్తు చేసుకున్నా అవి ఎటు చూశాయో గుర్తు రావడం లేదు.

బయట ఎవరో బండి తెచ్చి ఆపారు, ట్రయల్ బండి కాదు, కొరియరు. కోమలి మొబైల్ చూసుకుని, "బ్రిడ్జి అవతల ట్రాఫిక్ల ఉన్నడంట కాకా" అంది. పోయిన ఎండాకాలమే రాసిచ్చిండట అన్నాడు బక్కయ్య. ఎండాకాలమంటే ఏ నెల? మొన్నటి నుంచి ఈ మాటను ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకూ తిప్పుతున్నాడు కాని ఇటువైపు తిప్పలేదు. పోయిన ఎండాకాలం తను ఎక్కడున్నాడు? ఆక్సిజన్ మీద ఉన్నాడు. వరండాలో వేసిన మంచం మీద, పైన ఫ్యాను తిరుగుతోందా తను తిరుగుతున్నాడా తెలియని రోజుల్లో. ఇంజెక్షన్లు దొరకడం లేదని, దొరికినా ఆ ధరకు కొనలేమని నర్సులు గుసగుసలాడుకుంటున్నప్పుడు, నర్సింగం డబ్బు పంపాడు. "అన్నా, నువ్వు పైసల సంగతి సోంచాయించకు, నేనున్న" అని ఫోన్‌లో వాడి గొంతు. తను ఏడ్చాడు. ఏడిస్తే ముక్కు గొట్టం జారితే నర్సు తిట్టింది. ఇంటికి వచ్చాక, ఖాతాకు పోయి నిలబడగలిగాక, కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు, నా తమ్ముడు నన్ను బతికిచ్చిండు అని. ఫోన్ చేసిన ప్రతిసారీ వాడికి దండం పెట్టినంత పని చేశాడు. వాడు కూడా పోనీ తియ్యి అన్నా, తోడబుట్టినోళ్లం అని ఎంత హాయిగా అందుకున్నాడు! అది బయానా. తన గుట్ట అమ్మిన బయానాలోంచి ఇంత తీసి తనకే పంపి, మిగిలింది జేబులో వేసుకుని, పైగా తన చేత దండాలు పెట్టించుకున్నాడు. భూమి పోతే పోయింది, ఆ దండాలు ఎట్లా వెనక్కి తీసుకోవాలి? ఏ ఆఫీసుకు పోయి ఎవరికి చెప్పుకోవాలి, నా దండాలు నాకు ఇప్పించండి అని? కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఊపిరి పైకి ఎగదోసుకుని వచ్చింది, మాస్కు లోపలికి అంటుకుని మళ్లీ ఉబ్బింది. "ఏమైంది?" అంది భాగీరథి. "ఏం లేదు. ఏసీ." అంది తన నోరు.

ఆమె ఇటు తిరిగి ఒక్క క్షణం చూసి మళ్లీ కోమలి వైపు తిరిగింది. "బిడ్డా, దీని ముంగట చీరెల మూట పడతదా? సలాబత్‌పురా నుంచి మూటలు తెచ్చుకోవాలె, ఆటోలకే సగం పోతున్నయి" అంది. ఇంట్లో చీరలకు లేసు కుట్టే పని ఆమెది, మూటలు అక్కడి నుంచే తెస్తుంది. "పడతది కాకీ, రెండు పడతయి." "ఉధ్నా నుంచి గక్కడికి పోయి రావాలంటే ఒక్క చార్జింగు సాలుతదా?" "ఆరామ్‌సే." "వానల తడిస్తే షాకు కొడతదా?" "నీకు గాదు కాకీ, కాకకు కొడతది" అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. సోమలింగం వింటున్నాడు. నాలుగు సాంచాల మధ్య నిలబడి వినేవాడు ఎట్లా వింటాడో అట్లా వింటున్నాడు. ఏదో లేదు. ఏదో ఒకటి ఆ మాటల్లో ఉండాల్సింది లేదు. ఈ బండి మాట మొదలైనప్పటి నుంచి, డాక్టరు ఇక ఎత్తులు ఎక్కొద్దన్నప్పుడు తనే ఈ ఉపాయం ఆలోచించి ఆమెకు చెప్పినప్పటి నుంచి, ఆమె బండి గురించి ఏమేం అడిగింది? గుట్ట మీద చెలిమె దగ్గర రోజంతా కూర్చుని ఇంకొక్కటి రా తల్లీ అన్న మనిషి, బిందె ఎక్కడ పెడతావని ఒక్కసారైనా అడిగిందా? దిగేటప్పుడు భయం కాదా అందా? మోటరు నడుమ ఆగిపోతే ఏం చేద్దాం అందా? తీసుకుందాం అంది. తీసుకుందాం, పనికొస్తది. అంతే. గుట్ట అన్న మాట ఆమె నోటి నుంచి ఎప్పటి నుంచి రాలేదు? వెనక్కి, ఇంకా వెనక్కి వెతుక్కుంటూ పోయాడు, దసరాకు లేదు, వానాకాలంలో లేదు, ఆసుపత్రి నుంచి వచ్చి ముక్కుతూ మూలుగుతూ పడుకున్నప్పుడు లేదు. ఒకరోజు తను నర్సింగాన్ని తలుచుకుని, వాడే లేకుంటే నేనెక్కడుందునే అని కళ్లు తుడుచుకుంటుంటే, ఆమె లేచి పోయి, తోమిన గిన్నెలనే మళ్లీ తోమింది. నా తోడబుట్టినోడంటే నీకు మొదటి నుంచి పడదు అని ఎగిరాడు తను. ఆమె కుళాయి ఇంకొంచెం తిప్పింది, నీళ్ల చప్పుడు పెద్దదైంది. అవును, కుళాయి తిప్పింది. పోగు ఎక్కడ తెగిందో దొరికింది.

"ఆవీ గయో!" అంటూ కోమలి తలుపు తోసుకుని బయటికి పరుగెత్తింది. ట్రయల్ బండి వచ్చింది, పెద్దది, బూడిద రంగుది. హెల్మెట్ల మీద ఏదో మందు కొట్టి తుడిచి ఇచ్చింది. "కాకీని గూడ ఎక్కించుకో కాకా, ఇద్దరి బరువు మీద ఎక్కితేనే ఎక్కినట్టు. సీదా బ్రిడ్జి మీదికి పో, పైన యూటర్న్ లేదు, అవతల దిగి తిరిగి రా. ధీమే, నిదానంగ." భాగీరథి కొంగు నడుముకు చెక్కుకుని ఒకవైపుగా కూర్చుంది, చెయ్యి ఎప్పటిలా అతని భుజం మీద వేసింది. ఆ చెయ్యిని దులిపేద్దామనుకున్నాడు. దులపలేదు, బండి మీద ఉన్నారు. తాళం తిప్పాడు, చప్పుడు లేకుండా బండి కదిలింది, రోడ్డు మీద ఆటోలు, చెరుకు రసం బండి, మాస్కు గడ్డానికి వేలాడేసుకున్న పోలీసు, అన్నీ పక్కనుంచి జారిపోయాయి. ఫ్లైఓవర్ మొదలైంది. పక్కనే ఒక ముసలి స్కూటరు దగ్గుతూ ఎక్కుతోంది, దాన్ని దాటారు. ఇంజను మూలగలేదు, దమ్ము తీయలేదు, ఎవరో వెనక నుంచి అరచెయ్యి పెట్టి మెత్తగా తోస్తున్నట్టు పైకి, ఇంకా పైకి. ఎంత మంచి బండి! మేకలు ఆగి చూసే చోట కూడా ఇది ఆగదు. చెలిమె దాకా పోయేది, సీతాఫలం చెట్ల నీడలో స్టాండు వేసేవాడు, ఊపిరి ఆడుతూనే ఉండేది. కళ్లకు గాలి కొట్టి నీళ్లు వచ్చాయి, గాలే. అందరికంటే ఎత్తు మీద, రెయిలింగు పక్కన బండి ఆపాడు. వెనక నుంచి కార్లు హారన్లు కొట్టుకుంటూ పక్కకు తిరిగి పోతున్నాయి. కింద చదునుగా ఊరు, నల్ల ట్యాంకులు, డైయింగు మిల్లుల పొగ గొట్టాలు, ఎక్కడా ఒక్క గుట్ట లేదు.

తల తిప్పకుండా అడిగాడు. "నీకు ఎప్పటి సంది ఎరుక?"

భుజం మీద చెయ్యి బిగుసుకుంది. ఏం సంగతి అని ఆమె అడగలేదు. ఆ అడగకపోవడమే చాలు.

"ఆక్సిజన్ల ఉంటివి నువ్వు" అంది. "రాత్రి గడుసుడు కష్టం అన్నరు. నర్సింగం ఫోన్ చేసిండు. వదినా, గుట్టకు పార్టీ ఉన్నది, ఇయ్యాల దస్కతు వెడితె ఇయ్యాలనే బయానా ఇస్తరట, నీకు అన్న కావాల్నా గుట్ట కావాల్నా చెప్పు అన్నడు. నాకేం తోస్తది?"

"ఏం జెప్పినవ్?"

"ఏం జెప్త? నువ్వు గీడ బండి మీద కూసున్నవ్ గదా."

"నాతోని చెప్పకపోతివి."

"డాక్టరు చెప్పొద్దన్నడు. తర్వాత నువ్వు తమ్ముడు తమ్ముడు అని ఏడుస్తుంటే..." ఆమె గొంతు మాస్కులో ఇంకిపోయింది. "మిగిలిన పైసలు ఇస్త అన్నడు నీరజ నాయినా. దసరాకు ఇస్త అన్నడు. ఇగ ఫోనే ఎత్తుతలేడు. బండి అన్న ఉంటే గీడ పనికొస్తదని..."

అంటే ఆమె కూడా రింగు ఇస్తూనే ఉంది వాడికి. తను మేడ మీదికి పోయి చేస్తుంటే ఆమె వంటింట్లోంచి చేస్తోంది. ఇద్దరికీ ఎత్తలేదు వాడు. తమ్ముడు అడిగాడు, పెళ్లాం చెప్పింది, సంతకం అయింది, సుత్తె దిగింది. అన్న కావాలా గుట్ట కావాలా అని ఇద్దరూ మాట్లాడుకున్నారు, నడుమ మంచం మీద పడి ఉన్నవాడిని ఎవరూ అడగలేదు. అడిగితే తను గుట్టే అనేవాడు. అవును, గుట్ట కావాలి అనేవాడు, గొట్టం పీకి పారేసి అనేవాడు. ఈ మాట ఆమె ముఖాన కొట్టాలని నోరు తెరిచాడు. హెల్మెట్ అద్దం మీద తన ఊపిరే తెల్లగా పరుచుకుంది. వెనక లారీ ఒకటి చెవులు పగిలేలా హారన్ కొట్టింది, "పడిపోతం, నడువు" అంది ఆమె. నడిపాడు. అవతలి వాలు దిగుతుంటే బ్రేకు పట్టాడు, చిన్న తెరమీద ఒక గీత పెరిగింది, పోయినదాంట్లో కొంచెం తిరిగి వచ్చిందని అది చెబుతోంది. దాన్ని చూడబుద్ధి కాలేదు. భుజం మీద చెయ్యి అలాగే ఉంది, బరువుగా, తీయమని అనలేదు, ఉండనిమ్మనీ అనలేదు.

షోరూం ముందు బండి ఆపేసరికి కోమలి చేతిలో అట్ట పట్టుకుని, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉంది. భాగీరథి దిగి ఎటో చూస్తూ హెల్మెట్ పట్టీతో తంటాలు పడుతోంది. "ఎక్కిందా లేదా కాకా? మఖ్ఖన్ లెక్క పోయింది గదా? నేను చెప్పిన! ఇంక నాకు మీ గుట్ట ఢాళ్ ఎంత ఉంటదో ఒక్కటి చెప్తె చాలు, దాన్ని బట్టి మోడల్ ఫైనల్ చేస్త. అందాజ్‌గ చెప్పు. ఎంత ఉంటది గుట్ట?"

సోమలింగం మాస్కు గడ్డం కిందికి లాగాడు. చాలా రోజుల తర్వాత గాలి నేరుగా లోపలికి పోయింది.

"ఎకరం ఇరవై రెండు గుంటలు" అన్నాడు.